పరశురాం డ్రైవరు మీద ఫిర్యాదు

కాశిబుగ్గ, వరంగల్
1 మార్చి 2024

ఫిజిక్సు లెక్చరరు పద్మలత మేడం గారికి,

కాశిబుగ్గలో ఉండే రిటైర్డు గూడ్సు డ్రైవరు పాండురంగం నమస్కారాలు. నేను మీకు తెలియను. మొన్న ఇరవై ఎనిమిదో తారీఖున సైన్సు దినం అని మా లైబ్రరీలో మీరు మాట్లాడినప్పుడు మూడో వరుసలో ఫ్యాను కింద కూర్చున్న బట్టతల మనిషిని నేనే. మొత్తం పదకొండు మందిమి వచ్చాం. అందులో ఇద్దరు పేపరు చదవడానికి వచ్చినవాళ్ళు. కరెంటు పోయి మీ తెర మీద బొమ్మలు రాలేదు కాబట్టి మాటలే మిగిలాయి.

ఇరవై ఆరేళ్ళు ఇంజన్ల మీద బతికినవాణ్ణి. రెండు చెవులూ రైల్వేకే ఇచ్చి వచ్చాను. ఫోనులో మాట వినబడదు. వాట్సాపులో నాలుగు ముక్కలు రాస్తే జనం బొటనవేలు చూపించి ఊరుకుంటారు. అందుకే ఉత్తరం. ప్రశ్నలుంటే రాయమని మీరే బోర్డు మీద కాలేజీ అడ్రసు వేశారు.

నాకు వినబడిన మేరకు సంగతి ఇది. పరశురాం అని ఒక డ్రైవరు. అతని కింద ఇంజన్ డ్యూటీ చేసే చిన్న అసిస్టెంటు. ఇద్దరూ జఫర్‌గఢ్ దగ్గర పని చేస్తున్నారు. అసిస్టెంటు ముందు పోయి దారి చూసి వస్తే డ్రైవరు వెనుక కదిలేవాడు. డెబ్బై రెండోసారి పోయినప్పుడు అసిస్టెంటుకు రెక్క విరిగింది. పరశురాం అతన్ని ఇసుకలోనే వదిలేసి తన దారిన తాను పోయాడు. ఇంత ఘోరం చెబుతూ మీరు చివర్లో నవ్వారు కూడా.

అది ఏ డివిజను? గాయపడినవాణ్ణి దవాఖానకు ఎవరు తీసుకుపోయారు? పరశురాం మీద ఎంక్వయిరీ వేశారా లేదా? ఈ మూడింటికి జవాబు కావాలి.

ఎదురుచూస్తూ,
పాండురంగం

తా.క. జఫర్‌గఢ్‌కు రైలు పట్టా ఎప్పుడు వేశారు? ఆ పక్క నుంచే ఏళ్ళ తరబడి బండి నడిపాను. నాకెవరూ చెప్పలేదు.


హన్మకొండ
7 మార్చి 2024

మహారాజశ్రీ పాండురంగం గారికి (కవరు మీద ఆ పేరే ఉంది కాబట్టి),

మీ ఫిర్యాదు అందింది. నా ఉపన్యాసం ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఈ జిల్లాలో ఒక్కరైనా ఉన్నందుకు సంతోషం.

అడిగారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. జరిగిన అన్యాయం మీరు విన్నదానికంటే పెద్దది. ఆ అసిస్టెంటును పొట్ట కింద కట్టుకుని పరశురాం ఏడు నెలలు ప్రయాణం చేశాడు. ఐదు ట్రిప్పులే అని చెప్పి తీసుకుపోయి డెబ్బై రెండు చేయించారు. జీతం లేదు, బత్తా లేదు. భోజనం సంగతి అడిగితే ఎండలో నిలబడు, అదే సరిపోతుందన్నారు. చలి ఎంతంటే సున్నాకు ఎనభై డిగ్రీలు కింద. అక్కడ దవాఖాన లేదు, డాక్టరు లేడు, అసలు మనిషే లేడు. ఇక ఎంక్వయిరీ అంటారా, అది అమెరికాలో నడుస్తోంది.

మీరేమైనా చేయగలిగితే చేయండి.

భవదీయురాలు,
పద్మలత

తా.క. చేతిరాత బాగానే మార్చావు నాయనా. మెకానికల్ ఫస్ట్ ఇయర్‌లో నువ్వెవరో కనిపెట్టాక ఇంటర్నల్ మార్కులు కూడా అంతే బాగా మారుస్తాను.


కాశిబుగ్గ
15 మార్చి 2024

ధైర్యవంతురాలైన పద్మలత మేడం గారికి,

మీ ఉత్తరం అందింది. గవర్నమెంటు కాలేజీ అయినా, ప్రైవేటు కాలేజీ అయినా, ఉద్యోగంలో ఉండి ఇంత నిజం రాసేవాళ్ళు ఈ రోజుల్లో లేరు.

ఆదివారం మా రైల్వే పింఛనుదారుల సంఘం మీటింగులో సెక్రటరీ ఓంప్రకాశ్ మీ ఉత్తరాన్ని మైకులో చదివాడు. అందరం లేచి నిలబడ్డాం. ఏడు నెలలు ఒక మనిషిని పొట్ట కింద కట్టి తీసుకుపోవడం ఏ రూలు బుక్కులో ఉంది? భోజనానికి బదులు ఎండ చూపించడం ఎక్కడి పద్ధతి? డ్రైవరు పరశురాంను వెంటనే వెనక్కి పిలిపించాలి, వదిలేసిన అసిస్టెంటును తీసుకురావాలి, ఎంక్వయిరీ అమెరికాలో కాకుండా కాజీపేటలో జరగాలి. ఇవే మా డిమాండ్లు. నలభై ఒక్క సంతకాలతో మహజరు తయారుచేసి మొన్న మీ ప్రిన్సిపాలు గారికి రిజిస్టరు పోస్టులో పంపాం. రుజువు కావాలంటారని మీ ఉత్తరం జిరాక్సు కూడా జత చేశాం. మీరు ఒంటరి కాదని ఆయనకు తెలియాలి.

సంఘం తరఫున,
పాండురంగం

తా.క. ఇంటర్నల్ మార్కులు అంటే అర్థం కాలేదు. నా గుర్తింపు మచ్చలు పింఛను పుస్తకంలో రెండే ఉన్నాయి, రెండూ బయటివే. లోపలి మచ్చల సంగతి డాక్టరును అడగాలి.

ఇంకో తా.క. సంతకాలు పెట్టినవాళ్ళలో ఒకతను చెవి మిషన్ల క్యాంపు కోసం అనుకున్నాడట. అయినా తీసెయ్యలేదు.


హన్మకొండ
25 మార్చి 2024

పాండురంగం గారికి,

మీరు నిజంగానే ఉన్నారని నాకు శుక్రవారం తెలిసింది. ఇన్నాళ్ళూ మా విద్యార్థులెవరో ఆట పట్టిస్తున్నారనుకుని నేనూ ఆటగా జవాబిచ్చాను. అది నా తప్పు. కానీ మీ మహజరు వల్ల నాకు జరిగింది కూడా వినండి.

మా ప్రిన్సిపాలు సారంగపాణి గారు పిలిచి, మీ కాగితాలు ముందు పెట్టి, "ఎవరమ్మా ఈ పరశురాం? మన హాస్టల్ల పని జేస్తడా?" అని అడిగారు. నేను చెప్పేలోపే హాస్టలు వార్డెనును పిలిపించారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. జూన్‌లో కొనసాగిస్తారో లేదో ఆయన చేతిలో ఉంది. పదేళ్ళుగా ఈ కాలేజీలో చెబుతున్నాను. మొదటిసారి నా మీద కంప్లయింటు వచ్చింది, అదీ నన్ను మెచ్చుకుంటూ.

ఇప్పుడు ఒక్కొక్క ముక్కా నెమ్మదిగా చదవండి. నేను మాట్లాడింది రైళ్ళ గురించి కాదు. అంగారక గ్రహం గురించి. ఆకాశంలో ఉండే అంగారకుడు. అమెరికావాళ్ళు అక్కడికి మనుషులు లేని ఆరు చక్రాల బండిని పంపారు. డ్రైవరు కాదు, రోవరు. దాని పేరు పర్సివరెన్స్, పరశురాం కాదు. దాంతోపాటు రెండు కిలోలు కూడా లేని ఒక చిన్న హెలికాప్టరును పంపారు. ఇంజన్ డ్యూటీ కాదు, ఇంజెన్యుటీ. అవి దిగిన చోటు జెజెరో, జఫర్‌గఢ్ కాదు. చిన్నది ఎగిరి ముందున్న నేలను ఫొటోలు తీసేది, ఆ ఫొటోలు చూసి పెద్దదాన్ని ఎటు నడపాలో ఇక్కడివాళ్ళు ఆలోచించేవాళ్ళు. జనవరిలో దిగుతూ దాని రెక్క విరిగింది. మనం చేతిని కూడా రెక్క అంటాం కాబట్టి మీరు చెయ్యి అనుకున్నారు. ఎగరడానికి ఉండే రెక్క అండీ.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దయచేసి ఇంకే మహజరూ పంపకండి.

పద్మలత

తా.క. వార్డెను ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.


కాశిబుగ్గ
2 ఏప్రిల్ 2024

పద్మలత మేడం గారికి,

సిగ్గుతో రాస్తున్నాను. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మా ఇంటామె కూడా చదివి, నా చెవి మిషను ఎక్కడ పడేశానో వెతికి తెచ్చి టేబులు మీద పెట్టింది. అది పెట్టుకుంటే ఈల తప్ప ఏమీ వినబడదు, అందుకే తీసేశాను.

నిన్న మీ కాలేజీకి వచ్చి ప్రిన్సిపాలు గారికి స్వయంగా సంగతి విప్పి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఏమన్నాడో తెలియదు. మధ్యలో చాయ్ తెప్పించాడు కాబట్టి కోపం పోయిందనుకుంటా. మీరు ఆ వేళ క్లాసులో ఉన్నారట, కలవలేదు. కలిసినా మీరు గొంతు చించుకోవాల్సిందే.

యంత్రాలు అని తెలిసింది. సరే. అయినా ఒక మాట అడగాలని ఉంది, విసుక్కోకండి. ఆ చిన్నది ఏదైనా చెప్పాలంటే ఎవరికి చెప్పాలి? పెద్దది పోతున్నప్పుడు దానికి తెలుస్తుందా? పోయేటప్పుడు పెద్దది ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసిందా?

మీకు కష్టం తెచ్చినందుకు క్షమించమని కోరుతూ,
పాండురంగం

తా.క. మహజరు వాపసు తీసుకోవడానికి మళ్ళీ నలభై ఒక్క సంతకాలు కావాలని ఓంప్రకాశ్ అంటున్నాడు. చెవి మిషన్ల అతను మాత్రం ససేమిరా అన్నాడు.


హన్మకొండ
20 ఏప్రిల్ 2024

పాండురంగం గారికి,

నమస్కారం. నా కోపం పోయింది. పదేళ్ళ సర్వీసులో ఎవరూ నన్ను ఇలాంటి ప్రశ్నలు అడగలేదు. మా పిల్లలు ఇది పరీక్షలో వస్తుందా అని మాత్రమే అడుగుతారు.

చిన్నదానికి భూమితో నేరుగా మాట్లాడే శక్తి లేదు. అది పెద్దదానికి చెబుతుంది, పెద్దది మనకు చేరవేస్తుంది. అంటే పెద్దది దూరం పోతే చిన్నది ఏం చెప్పినా ఎవరికీ చేరదు.

పెద్దది చూసింది. ఫిబ్రవరిలో దాదాపు అర కిలోమీటరు దూరంలో ఉండగా తన కెమెరా చిన్నదాని వైపు తిప్పి ఫొటో తీసింది. విరిగిన రెక్క ముక్క కాస్త అవతల ఇసుకలో పడి ఉంది. ఇంకా దగ్గరకు పోలేదు. దారి అటు కాదు, పైగా ఇసుక తిన్నెలు. తిప్పమని ఇక్కడివాళ్ళు చెబితే తిప్పింది, అంతే, దానికి మనసు ఉండదు. అయినా ఆ ఫొటో ప్రింటు తీసి ఈ ఉత్తరంలో పెడుతున్నాను.

మొన్న పదహారో తారీఖున చివరిసారి చిన్నదాని కబురు అందిందట. ఇక ముందు అది రోజూ ఎండ రాగానే లేచి, ఒక ఫొటో తీసి, చలి ఎంత ఉందో రాసుకుని దాచుకుంటుంది. ఇరవై ఏళ్ళకు సరిపడా చోటు ఉందట దాని జ్ఞాపకంలో. వచ్చి తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఎప్పుడైనా ఎవరైనా పోతే ఉంటాయని.

మీ,
పద్మలత

తా.క. ప్రిన్సిపాలు గారు మీతో మాట్లాడిందంతా కాలేజీ అడ్మిషన్ల గురించి. మీ మనవళ్ళను చేర్పిస్తానని మీరు తల ఊపారట.


కాశిబుగ్గ
28 ఏప్రిల్ 2024

బిడ్డ పద్మలతకు,

ఇక మేడం అని రాయబుద్ధి కావడం లేదు. తప్పైతే చెప్పు.

ఫొటో భూతద్దం పెట్టి చూశాను. మిడతంత ఉంది. మా ఇంటామె "ఇదేంది, దోమనా?" అన్నది. నేను నవ్వలేకపోయాను. పెద్దది అటు తిరిగి ఫొటో తీసిందని చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఎందుకో నీకు చెబుతాను. ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

2006 ఏప్రిల్. బొగ్గు గూడ్సు తీసుకుని కాజీపేట నుంచి సికిందరాబాదు వైపు పోతున్నాను. నా అసిస్టెంటు రాయమల్లు. తొమ్మిదేళ్ళు ఇద్దరం ఒకే ఇంజనులో తిరిగాం. సిగ్నలు చూసి అతను రంగు చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి, అది రూలు. అందరూ తమ సీటు నుంచి చెబుతారు. రాయమల్లు లేచి వచ్చి నా చెవి దగ్గర చెప్పేవాడు. నా చెవులు మందగించాయని అతనికొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఇంజను వెనుక రెండు వ్యాగన్ల నడుమ బ్రేకు పైపు ఊడి బండి నిలిచిపోయింది. మిట్టమధ్యాహ్నం. రాయమల్లు దిగి, వ్యాగన్ల సందులోకి పోయి పైపు తగిలించాడు. "అయిందన్నా" అని అరిచాడు. నేను బ్రేకు వదిలాను. బండి రెండడుగులు కదిలింది. బయటకు వస్తూ కంకర మీద జారాడు, ఎడమ కాలు చక్రం కిందకు పోయింది. ఎంక్వయిరీలో అతనే అట్లా చెప్పాడు. కింద నేను సంతకం పెట్టాను.

పట్టాల పనివాళ్ళు వచ్చి అతన్ని పక్కకు జరిపి పండబెట్టారు. ఆటో వస్తోందన్నారు. వెనుక ఎక్స్‌ప్రెస్ ఆగి ఉంది, బండి తీయమని నాకు ఆర్డరు. గార్డును పక్కన కూర్చోబెట్టుకుని తీశాను. కిటికీలోంచి చూస్తే రాయమల్లు చెయ్యి ఎత్తి ఉంది. పిలుస్తున్నాడో, పొమ్మంటున్నాడో. ఏదో అంటున్నాడు కూడా. నాకు వినబడలేదు. నాలుగు సెకన్లు చూసి తల లోపలికి తీసుకున్నాను.

ఆ తర్వాత రాయమల్లును నేను చూడలేదు. దవాఖాన గేటు దాకా రెండుసార్లు పోయి తిరిగొచ్చాను. ఆ నెలలోనే రైల్వే డాక్టరు దగ్గరకు పోయి నా చెవులు పోయాయని నేనే ఒప్పుకున్నాను. ఇంజను మీద నుంచి దింపి స్టోర్సులో కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయ్యాను.

ఇట్లు,
పాండురంగం

తా.క. మీ ప్రిన్సిపాలుకు మా సంఘం నుంచి ఇంకో ఉత్తరం పంపాం, ఈసారి నిన్ను మెచ్చుకుంటూ. పదిహేడు సంతకాలే వచ్చాయి. తిట్టడానికైతే నలభై ఒక్కరు.


హన్మకొండ
5 మే 2024

పాండురంగం కాకకు,

మీ ఉత్తరం చదివాను. రాయమల్లు గారి ఆత్మకు శాంతి కలగాలి. పద్దెనిమిదేళ్ళు ఈ దుఃఖాన్ని ఒక్కరే మోశారు. బండి తీయడం మీ డ్యూటీ. చనిపోయిన మనిషి మిమ్మల్ని తప్పు పట్టి ఉండడని నా నమ్మకం.

ఈరోజు సమ్మర్ క్యాంపులో పాఠం మొదలుపెట్టే ముందు ఆయన పేరు చెప్పి రెండు నిమిషాలు మౌనం పాటించాం.

మీ బిడ్డ లాంటి,
పద్మలత

తా.క. రెండు నిమిషాలు మా పిల్లలు మాట్లాడకుండా ఉన్నారు. పదేళ్ళలో నాకు సాధ్యం కానిది రాయమల్లు గారు చేశారు.


కాశిబుగ్గ
9 మే 2024

బిడ్డా పద్మలతా,

రాయమల్లు చచ్చిపోయాడని నేను ఎక్కడ రాశాను? నా ఉత్తరం జిరాక్సు నా దగ్గరుంది, మళ్ళీ చదివాను. చూడలేదు అని రాశాను. పోయాడు అని రాయలేదు. వాడికి కాలు తీసేశారు. పెట్టుడు కాలుతో స్టేషన్ ఘన్‌పూర్‌లోనే ఉన్నాడు. ఉద్యోగం నుంచి ముందే పింఛను ఇచ్చి పంపారు. స్టేషను బయట చాయ్ డబ్బా పెట్టుకున్నాడని ఐదారేళ్ళ కిందట ఎవరో చెప్పారు. పిల్లలు లేరు, వాడూ వాడి భార్య సారలమ్మ ఇద్దరే.

బతికున్న మనిషికి మౌనం పాటిస్తారా? పిల్లలకు చెప్పి ఆ రెండు నిమిషాలూ వాపసు తీసుకో.

కోపం రాసేశాను. ఇప్పుడు రెండో సంగతి. నువ్వు చచ్చిపోయాడనుకున్నావంటే నా తప్పే. బతికున్న మనిషి గురించి ఎవరూ అట్లా రాయరు. వరంగల్ నుంచి ఘన్‌పూర్‌కు ప్యాసింజరులో గంట కూడా పట్టదు. పద్దెనిమిదేళ్ళయింది. మొదటి ఏడు ముఖం చెల్లలేదు. తర్వాత, మొదటి ఏడు ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశాను.

పాండురంగం

తా.క. నిజంగా పోయి ఉంటే నాకు ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. చెప్పినా వినబడదు, అది వేరే సంగతి.


హన్మకొండ
22 మే 2024

కాకా,

తప్పైంది. పిల్లలతో చెప్పాను. బతికే ఉన్నారని తెలిసి చప్పట్లు కొట్టారు.

నేను పెద్దగా ఏమీ రాయను. అంగారకుడి మీదికి ఏడు నెలలు పడుతుంది, అక్కడికి మనం పోలేం. ఘన్‌పూర్‌కు టికెట్టు దొరుకుతుంది. పోండి. ఆయన తిడితే మీకు ఎలాగూ వినబడదు. ఒంటరిగా పోలేనంటే నేను తోడు వస్తాను.

పద్మలత

తా.క. నన్ను ఇంకో ఏడాదికి కొనసాగించారు. ప్రిన్సిపాలు గారు మీ పదిహేడు సంతకాలు ఫైల్లో పెట్టారు. పరశురాం కాగితాలు కూడా అదే ఫైల్లో ఉన్నాయి, ఎందుకో అడగలేదు.


కాశిబుగ్గ
12 జూన్ 2024

బిడ్డ పద్మలతకు,

శనివారం పొద్దున ప్యాసింజరు ఎక్కి ఘన్‌పూర్ పోయాను. నిన్ను తోడు రావద్దన్నాను. మంచిదే అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

స్టేషను బయట రాయమల్లు చాయ్ డబ్బా ఎక్కడని అడిగితే ఒకతను చాలా మాటలు చెప్పాడు. వినబడక, అతను చెయ్యి చూపించిన దిక్కుకు పోయాను. రేకుల ఇల్లు. గడపలో సారలమ్మ చేటను ముఖానికి ఆనించుకున్నట్టు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా నిలబడ్డా గుర్తుపట్టలేదు. రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొర. ఆమె తల మీదుగా లోపలి గోడ కనబడింది. రాయమల్లు ఫొటో. దానికి దండ.

మీ మౌనం వాపసు తీసుకొమ్మని నీ మీద కోపం చేశాను. నువ్వు రాసిందే నిజం. వాడు పోయి మూడేళ్ళయింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, నాలుగు రోజుల్లో. నేను నీకు ఆ ఉత్తరం రాసేనాటికి వాడు లేడు.

నా పేరు చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది. మాట్లాడడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి, నేను తల ఊపుతున్నాను. నాకు ఏమీ అందడం లేదని ఆమెకు తెలిసిపోయింది. లేచి, తడుముకుంటూ వచ్చి, నా కుడి చెవి పట్టుకుని అరిచింది. వాడకట్టంతా విన్నది. పక్క ఇళ్ళవాళ్ళు బయటకొచ్చి నిలబడ్డారు.

"అయింది అనలే ఆయన. కాలేదు అన్నడు. ఇంక కాలేదు, ఆగన్నా అన్నడు. నువ్వు బండి ఇడిశినవ్."

ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారి అరిచింది.

వాడు జారలేదు బిడ్డా. వాడు వ్యాగన్ల నడుమ ఉండగానే నేను బ్రేకు వదిలాను. ఎంక్వయిరీవాళ్ళు దవాఖానకు వస్తే మంచం మీద నుంచి తానే జారానని రాయించాడు. అట్లా ఎందుకు చెప్పావని సారలమ్మ ఏడిస్తే, "ఉన్నమాట జెప్తే అన్న నౌకరి పోతది, జైలుకు గూడ పోతడు. నా కాలు అయితే రాదు గద" అన్నాడట. ఎవరికీ చెప్పనని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా చెవుల వల్ల వీధికంతా తెలిసింది.

వదిలేసి వచ్చానని నేను బాధపడుతూ కూర్చున్నాను. చేసింది వేరే ఉందని నాకు తెలియదు. ఎవడో పరశురాం మీద ఎంక్వయిరీ వెయ్యమని మైకులో చదివించినవాణ్ణి.

నన్ను తిట్టేవాడా అని అడిగాను. "ఆయన తిట్టలే. నేను తిట్టిన. గూడ్సు బండి పోయినప్పుడల్లా తిట్టిన" అన్నది. ఆ లైను మీద రోజుకు ఎన్ని గూడ్సులు పోతాయో నాకు తెలుసు.

ఆ రోజు చెయ్యి ఎందుకెత్తాడని కూడా అడిగాను. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదట.

గడపలోనే కూలబడ్డాను. ఎంత గట్టిగా ఏడ్చానో నాకు తెలియదు. ముగ్గురు మూడు చెంబుల్లో నీళ్ళు తెచ్చారు కాబట్టి గట్టిగానే ఏడ్చి ఉంటాను. తేరుకున్నాక, జరిగింది రైల్వేకు రాసి పంపుతానని, వాడి తప్పు లేదని కాగితం మీద ఉండాలని ఆమెతో అన్నాను. సారలమ్మ తడుముకుంటూ దగ్గరికి జరిగింది. తర్వాత మళ్ళీ చెవి పట్టుకున్నది.

"రాయి. రాసి పంపు. గని కాయితం నాకు కనవడది గద. వరంగల్ దవాఖాన్ల కండ్లకు ఆపరేషన్ జేస్తమన్నరు. ఎంబడి ఒక మనిషిని తెచ్చుకొమ్మన్నరు. మనిషి లేకనే ఆర్నెల్ల సంది ఆగిన."

కాగితం రాశాను. నీ ఉత్తరంతోపాటే దాన్నీ పోస్టు చేస్తున్నాను. పింఛను ఆపుతారో, పిలిచి అడుగుతారో, చెత్తబుట్టలో వేస్తారో, ఏదైనా సరే. నిన్న సారలమ్మను తీసుకొచ్చి మా ఇంట్లో దింపాను. ఈరోజు పొద్దున దవాఖానకు పోయాం. అక్కడ పేర్లు పిలుస్తారు, నంబర్లు గోడల మీద రాసి ఉంటాయి. పేరు పిలిస్తే ఆమె విని నా చొక్కా లాగుతుంది. నంబరు నేను చదివి ఆమెను నడిపిస్తాను. రక్తం, చక్కెర, బీపీ, కళ్ళు, నాలుగు గదులు తిరిగాం. ఒక్కటీ తప్పిపోలేదు. నడుమ బల్ల మీద గంటన్నర కూర్చున్నాం. ఇంకా తిడుతుందా అని నేను అడగలేదు. ఆపరేషన్ శుక్రవారం.

ఉంటాను,
పాండురంగం

తా.క. చెవి పట్టుకుని అరవక్కర్లేదు, కుడి చెవి దగ్గర నెమ్మదిగా చెప్పినా నాకు తెలుస్తుందని సారలమ్మకు మూడుసార్లు చెప్పాను. ఆమె చెవులు బాగానే ఉన్నాయి. వినిపించుకోవడం లేదు.